మలాన్‌విల్ వంతెన మూతపడ్డాక: ఆఫ్రికా దేశాల భద్రతా సహకారం, స్వేచ్ఛా వాణిజ్యం

గోదావరి గట్టు:

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడలో బియ్యం ఎగుమతి పత్రాలు చూసే ఉద్యోగంలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. యాంకరేజ్ పోర్టులో హమాలీలు బార్జీలకు ఎక్కించే బస్తాలు లోతు నీళ్లలో లంగరు వేసిన ఓడలకు చేరి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి పశ్చిమ తీరానికి వెళ్తాయి. సెనెగల్‌కు నూకలు, బెనిన్‌కు ఉప్పుడు బియ్యం. బెనిన్‌లోని కోటోనూ రేవు పేరు మా ఆఫీసులో విజయవాడ పేరంత మామూలుగా వినిపిస్తుంది.

భారతదేశం నుంచి బాస్మతీయేతర బియ్యం కొనే దేశాల్లో బెనిన్ ముందు వరుసలో ఉంటుంది. అంత చిన్న దేశం అంత బియ్యం తినదని అందరికీ తెలుసు. ఆ బస్తాల్లో చాలా భాగం పక్కనున్న నైజీరియాకు దొంగదారిన వెళ్తుంది. ఎందుకంటే నైజీరియా రేవుల్లో దిగుమతి బియ్యంపై 70 శాతం సుంకం ఉండేది. రోడ్డు సరిహద్దుల గుండా బియ్యం దిగుమతిని ఆ దేశం 2016 నుంచి పూర్తిగా నిషేధించింది.

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇది. 2019 జులైలో నైజీరియా ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది. ఆగస్టు 20న అదే నైజీరియా బియ్యం దొంగరవాణాను, ఆయుధాల రవాణాను కారణంగా చూపి తన రోడ్డు సరిహద్దులన్నీ మూసేసింది. వాటిని మళ్లీ తెరవడం 2020 డిసెంబరులోగాని మొదలుకాలేదు. ఆ తర్వాత 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు, బెనిన్ వైపు మలాన్‌విల్‌ను, నైజర్ వైపు గాయాను కలిపే వంతెన మూతపడింది. సముద్రతీరం లేని నైజర్‌కు కోటోనూ నుంచి వెళ్లే ప్రధాన రహదారి అదే. వాణిజ్య ఒప్పందాలను ఒక గదిలో, భద్రతా ఒప్పందాలను మరో గదిలో రాసుకుంటారని, రెండింటికీ గేటు మాత్రం ఒక్కటేనని నాకు అనిపిస్తోంది. దీని గురించి చదువుకున్నవారు, ఆ దేశాల్లో ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

మేఘమాల:

గోదావరి గట్టు గారూ, మంచి చోట మొదలుపెట్టారు. నేను హైదరాబాదులో అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తాను. ఈ అంశాన్ని చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కష్టంగా ఉండేది మీరు చెప్పిన ఆ గేటే.

పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక సముదాయం, అంటే ఎకోవాస్, 1975 మే 28న లాగోస్ ఒప్పందంతో పుట్టింది. దాని పేరులోనే ఆర్థికం ఉంది, భద్రత అన్న మాట లేదు. సుంకాలు తగ్గించుకోవడం, సభ్య దేశాల పౌరులు వీసా లేకుండా 90 రోజులు ఒకరి దేశంలో ఒకరు ఉండేలా 1979లో కుదిరిన నిబంధన, ఇవి మొదటి లక్ష్యాలు. అయితే లైబీరియాలో అంతర్యుద్ధం రేగి, ప్రపంచం అటు చూడని సమయంలో, 1990 ఆగస్టులో ఈ వాణిజ్య సంస్థే ఎకోమాగ్ పేరుతో సైన్యాన్ని లైబీరియా రాజధాని మన్రోవియాలో దింపవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే 1993లో తన ఒప్పందాన్ని తిరగరాసుకుని, 1999లో సంఘర్షణల నివారణకు ప్రత్యేక యంత్రాంగాన్ని ఏర్పాటు చేసుకుంది. పక్కింట్లో యుద్ధం జరుగుతుంటే సుంకాల పట్టికకు విలువ ఉండదని ఆ దేశాలు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. శరణార్థులు సరిహద్దు దాటి వస్తుంటే చూసి తెలుసుకున్నాయి.

2017 జనవరిలో గాంబియాలో ఎన్నికల్లో ఓడిన యాహ్యా జామే గద్దె దిగనన్నప్పుడు, సెనెగల్ ముందుండి నడిపిన ఎకోవాస్ సేనలు సరిహద్దు దాటగానే ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. ఆదామా బారో అధికారం చేపట్టాడు. పెద్దగా రక్తపాతం లేకుండా ముగిసిన ఆ ఘట్టం ఎకోవాస్‌కు గొప్ప ధైర్యాన్నిచ్చింది. అదే ధైర్యం 2023లో నైజర్ విషయంలో కొంత తొందరపాటుకు దారి తీసిందని నా అభిప్రాయం.

పాలమూరు పాఠకుడు:

మేఘమాల గారి మాటలో నాకు అంగీకారం సగమే. తొందరపాటు అనడం చాలా మెత్తని మాట. నైజర్‌లో సైనికులు అధికారం పట్టుకున్న నాలుగు రోజులకే ఎకోవాస్ వారం గడువు పెట్టి, బలప్రయోగం చేస్తామని హెచ్చరించి, సరిహద్దులు మూసి, బ్యాంకు లావాదేవీలు ఆపింది. నైజర్ వాడుకునే విద్యుత్తులో సుమారు 70 శాతం నైజీరియా నుంచి వచ్చేది. దాన్ని కూడా ఆపేశారు. అధ్యక్షుడిని బంధించినది కొద్దిమంది సైనికాధికారులు. చీకట్లో కూర్చున్నది నైజర్ రాజధాని నియామేలోని ఆసుపత్రులు, ఇళ్లు. గాల్మీ ప్రాంతపు ఉల్లి రైతుల పంట తీరప్రాంత దేశాల మార్కెట్లకు వెళ్లే దారి లేక కుళ్లింది. స్వేచ్ఛా వాణిజ్యం కోసం పుట్టిన సంస్థ వాణిజ్యాన్నే కత్తిగా వాడితే, తర్వాత ఏ సభ్య దేశం దాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ కడుతుంది?

ఫలితం కూడా చూడండి. 2023 సెప్టెంబరులో మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ కలిసి లిప్టాకో-గుర్మా ఒడంబడికతో సాహెల్ దేశాల కూటమి పెట్టుకున్నాయి. 2024 జనవరిలో ఎకోవాస్ నుంచి తప్పుకుంటామని ప్రకటించి, 2025 జనవరి 29న బయటికి వెళ్లిపోయాయి. ఆ మార్చిలో ఎకోవాస్ దేశాల నుంచి వచ్చే సరుకుపై 0.5 శాతం సుంకం విధించాయి. యాభై ఏళ్లు కట్టిన ఇంటికి మూడు గోడలు కూలాయి.

మేఘమాల:

పాలమూరు పాఠకుడు గారూ, ఆంక్షల వల్ల సామాన్యులు పడిన కష్టాన్ని మీరు చెప్పినంత తీవ్రంగానే నేనూ చూస్తాను. అయితే మరోవైపు కూడా చూడమని కోరుతున్నాను. మాలీలో 2020లో, మళ్లీ 2021లో, గినీలో 2021లో, బుర్కినా ఫాసోలో 2022లో రెండుసార్లు తిరుగుబాట్లు జరిగాయి. నైజర్ కూడా పడిపోయాక ఎకోవాస్ ఖండన ప్రకటనతో సరిపెట్టుకుని ఉంటే, మిగిలిన దేశాల సైనికాధికారులకు అది ఏ సందేశం పంపేది? ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాలను కాపాడుకోలేని సముదాయం ఒప్పందాలను కాపాడుకోగలదా? తప్పు నిర్ణయంలో లేదు, సాధనాన్ని ఎంచుకోవడంలో ఉందని నా వాదన. ఆంక్షలను 2024 ఫిబ్రవరి 24న ఎత్తివేసినా, బెనిన్ వైపు సరిహద్దును నైజర్ తెరవలేదు. అంటే మూసిన గేటును తిరిగి తెరిచే అధికారం మూసినవారి చేతిలో మిగలలేదు. ఆంక్షలు విధించే ఏ సంస్థ అయినా ముందే లెక్కవేసుకోవలసిన విషయం అది.

ఇంకొక చిన్న వివరం. ఆ మూడు దేశాలు ఎకోవాస్‌ను వదిలినా, సీఎఫ్ఏ ఫ్రాంకు వాడే ఎనిమిది దేశాల పశ్చిమాఫ్రికా ద్రవ్య సముదాయంలో కొనసాగుతున్నాయి. దానికి 2000 నుంచి సొంత సుంకాల కూటమి ఉంది. అందువల్ల మాలీ రాజధాని బమాకో, సెనెగల్ రాజధాని డకార్ మధ్య సరుకు దాని నియమాల కింద కదిలే వీలుంది. ఎకోవాస్ కూడా ఆ దేశాల పౌరుల పాస్‌పోర్టులను గుర్తిస్తూనే ఉంటామని ప్రకటించింది. కాబట్టి గోడలు కూలాయనడం కంటే తలుపులు బిగుసుకున్నాయనడం సరైనదనుకుంటాను.

లుసాకా ప్రవాసి:

పశ్చిమం గురించి పెద్దలు చెబుతున్నారు కనుక దక్షిణం నుంచి ఒక మాట చెప్తాను. జాంబియాలో లారీల రవాణా సంస్థలో పనిచేస్తున్నాను. ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గురించి ఘనా రాజధాని అక్రాలోని దాని సచివాలయం ఏం ప్రకటించిందన్నది మా ఆఫీసులో ఎవరూ అడగరు. ఏ లారీ ఏ సరిహద్దులో ఎన్ని రోజుల నుంచి నిలబడి ఉందన్నదే పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న.

జాంబెజీ నది మీద జాంబియాకు, జింబాబ్వేకు మధ్య చిరుండు అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ లారీ ఒక దేశపు కౌంటర్లన్నీ దాటి, వంతెన దాటి, రెండో దేశపు కౌంటర్లన్నీ మళ్లీ మొదటి నుంచి దాటవలసి వచ్చేది. డ్రైవర్లు లారీ కిందే వంట చేసుకుని, అక్కడే చాప పరుచుకుని రోజుల తరబడి ఉండేవారని మా పాత డ్రైవర్లు ఇప్పటికీ చెప్తారు. 2009 డిసెంబరులో ఆఫ్రికాలోనే మొదటి ఉమ్మడి తనిఖీ కేంద్రాన్ని అక్కడ తెరిచారు. ఉత్తరానికి వచ్చే లారీ జింబాబ్వే వైపు ఆగకుండా జాంబియా వైపు ఒక్కచోటే ఆగుతుంది. అక్కడే రెండు దేశాల అధికారులు పక్కపక్కన కూర్చుని కాగితాలు చూస్తారు. దక్షిణానికి వెళ్లేది జింబాబ్వే వైపు మాత్రమే ఆగుతుంది.

వినడానికి తేలికగా ఉన్నా, దీనికి చట్టం మార్చవలసి వచ్చింది. జింబాబ్వే అధికారి జాంబియా నేల మీద కూర్చుని తన దేశపు చట్టాన్ని అమలు చేయాలి. పరాయి దేశపు యూనిఫారం వేసుకున్న మనిషికి తన నేల మీద అధికారం ఇవ్వడమంటే అది వాణిజ్యం మాత్రమే ఎలా అవుతుంది? భద్రత విషయంలో ఒకరినొకరు నమ్మకపోతే ఆ గదిలో రెండో కుర్చీ వేయడం అసాధ్యం. గోదావరి గట్టు గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఆ రెండో కుర్చీయే.

కజుంగులా వంతెన కూడా అటువంటిదే. జాంబియాకు, బోట్స్వానాకు మధ్య జాంబెజీ మీద 923 మీటర్ల వంతెన 2021 మేలో తెరిచారు. అంతకుముందు లారీలు పంటు ఎక్కి ఒక్కొక్కటిగా నది దాటేవి. జింబాబ్వే భూభాగాన్ని తాకకుండా ఉండేందుకు ఆ వంతెనను వంపు తిప్పి కట్టారు. పై నుంచి తీసిన ఫొటో చూస్తే విల్లులా కనిపిస్తుంది. పొరుగుదేశంతో ఒప్పందం కుదరకపోతే కాంక్రీటు కూడా వంగవలసి వస్తుందని దాన్ని చూసిన ప్రతిసారీ అనుకుంటాను.

విశ్రాంత సుబేదార్:

నేను కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో, గోమా పట్టణంలో పనిచేశాను. భారత సైన్యపు బ్రిగేడ్ తూర్పు కాంగోలోని ఉత్తర కివూ రాష్ట్రంలో ఉన్న రోజులవి. వాణిజ్యం సంగతి నాకు పుస్తకంగా తెలియదు. చూసింది చెప్తాను.

గోమా నుంచి రువాండాలోని గిసెన్యీకి నడిచి దాటే గేటు ఉంది. చిన్న గేటు అంటారు. తెల్లవారగానే అక్కడికి వేలమంది వస్తారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. నెత్తి మీద గంపలో టమాటాలు, కోడిగుడ్లు, వీపున పసిబిడ్డ. పొద్దున దాటి, సరుకు అమ్ముకుని, సాయంత్రానికి ఇంటికి రావాలి. పట్టణంలో చుకుడు అనే చెక్క బండి ఉంటుంది. స్కూటరు ఆకారంలో చెక్కి, దాని మీద బస్తాలు వేసి, లావా రాళ్ల దారిలో యువకులు తోసుకుంటూ పోతారు. ఆ గేటు తెరిచి ఉన్న రోజు పట్టణమంతా ఆ బండ్ల చప్పుడు. మూసిన రోజు నిశ్శబ్దం. గేటు మూసిందని మాకు వైర్‌లెస్‌లో సమాచారం వచ్చేలోపే ఆ నిశ్శబ్దం చెప్పేది.

కాంగో 2022లో తూర్పు ఆఫ్రికా సముదాయంలో చేరింది. రువాండా అప్పటికే అందులో ఉంది. తూర్పు కాంగోలో పోరాడే ఎం23 అనే తిరుగుబాటు ముఠాకు రువాండా సాయం చేస్తోందని కాంగో ఆరోపణ, ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికలూ అదే చెప్పాయి, రువాండా కాదంటుంది. ఉమ్మడి మార్కెట్టులో ఉన్న రెండు సభ్య దేశాల మధ్య ఈ పరిస్థితి. 2022 నవంబరులో ఆ సముదాయపు సేనలు వచ్చాయి. వారు దాడి చేయడం లేదని అసంతృప్తి చెందిన కాంగో 2023 డిసెంబరులో వారిని పంపించేసింది. దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులతో ఖండపు దక్షిణ భాగంలోని దేశాల అభివృద్ధి సముదాయం, అంటే సాడెక్, తన సేనను పంపింది. 2025 జనవరిలో గోమా పడిపోయింది. ఆ పోరాటంలో 14 మంది దక్షిణాఫ్రికా సైనికులు చనిపోయారు. మార్చిలో సాడెక్ తన సేన గడువును ముగించింది. ఒకే దేశానికి రెండు సముదాయాల సభ్యత్వం, రెండు సేనలు, రెండు ఆదేశాలు. కింద నిలబడిన జవాను ఎవరి మాట వినాలి?

పాలమూరు పాఠకుడు:

సుబేదార్ గారికి నమస్కారం. మీరు చెప్పిన ఆ నిశ్శబ్దం గురించి చదివాక నా ప్రశ్న ఇంకా బరువెక్కింది. మొజాంబిక్‌లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉందా? అక్కడి కందులు మన మార్కెట్లకు వస్తాయి కనుక అడుగుతున్నాను.

మేఘమాల:

కొంత మెరుగే, అయితే దాని పాఠం సూటిగా లేదు. మొజాంబిక్ ఉత్తర కొసన ఉన్న కాబో డెల్గాడోలో 2017 అక్టోబరులో సాయుధ దాడులు మొదలయ్యాయి. 2021 మార్చిలో పాల్మా పట్టణంపై దాడి జరిగాక అక్కడి భారీ సహజవాయువు ప్రాజెక్టు ఆగిపోయింది. అందులో భారత ప్రభుత్వ రంగ సంస్థలకు కలిపి 30 శాతం వాటా ఉంది. అదే జులైలో రువాండా సైన్యం, సాడెక్ సేన దాదాపు ఒకేసారి దిగాయి. ద్వైపాక్షిక ఒప్పందంపై వచ్చిన రువాండా సైనికులు కీలక పట్టణాలను వేగంగా విడిపించారు. అనేక దేశాల నుంచి కూడగట్టిన సాడెక్ సేన నిధుల కొరతతో 2024 జులైలో వెనుదిరిగింది.

ఇక కందులు: 2016లో భారత్, మొజాంబిక్ కుదుర్చుకున్న ఒప్పందాన్ని 2021లో మరో ఐదేళ్లకు పొడిగించి, కందుల దిగుమతిని ఏడాదికి 2 లక్షల టన్నులుగా నిర్ణయించారు. ఆ పంటను ఓడకెక్కించే నకాలా రేవు కాబో డెల్గాడోకు దక్షిణాన ఆనుకుని ఉన్న నాంపులా రాష్ట్రంలోనే ఉంది. మలావీ సరుకు కూడా రైలులో అక్కడికే వస్తుంది. 2022లో దాడులు నాంపులా ఉత్తర భాగానికీ పాకాయి. ఆ మంట ఇంకా దిగువకు వచ్చి ఉంటే దెబ్బ మలావీ రైతుకూ, మన వంటింటికీ తగిలేది.

నా బాధ నిధుల గురించి. 2016 జులైలో రువాండా రాజధాని కిగాలీలో ఆఫ్రికా సమాఖ్య ఒక చక్కని నిర్ణయం తీసుకుంది: ఖండం బయటి నుంచి వచ్చే అర్హమైన దిగుమతులపై ప్రతి దేశం 0.2 శాతం సుంకం వసూలు చేసి సమాఖ్యకు ఇవ్వాలి, శాంతి నిధికి డబ్బు అందులోంచే రావాలి. వాణిజ్యమే భద్రతకు జీతం ఇవ్వాలన్న ఆలోచన అది. అనేక దేశాలు దాన్ని పూర్తిగా అమలు చేయలేదు. 2023 డిసెంబరులో భద్రతా మండలి 2719వ తీర్మానంతో, ఆఫ్రికా సమాఖ్య నడిపే సేనల ఖర్చులో 75 శాతం వరకు ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల వాటాల నుంచి ఇచ్చేందుకు వీలు కల్పించింది. తన ఇంటి కాపలాదారుకు తానే జీతం ఇచ్చుకోలేని ఖండం కాదు ఆఫ్రికా. 0.2 శాతం నిర్ణయాన్ని అందరూ అమలు చేసి ఉంటే నేను ఈ వాక్యం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

లుసాకా ప్రవాసి:

సుంకాల మాట వచ్చింది కనుక: ఖండ ఒప్పందం ప్రకారం 90 శాతం సరుకుల రకాలపై సుంకాలు క్రమంగా ఎత్తివేయాలి. 2021 జనవరి 1న వాణిజ్యం మొదలైందని ప్రకటించినా, నిజంగా సరుకు కదలడానికి 2022 అక్టోబరులో కొద్ది దేశాలతో ప్రయోగాత్మక పథకం పెట్టవలసి వచ్చింది. కెన్యాలో తయారైన బ్యాటరీలు ఘనాకు వెళ్లాయి. దుస్తులు, మోటారు వాహనాల విషయంలో ఏది ఆఫ్రికాలో తయారైనట్టు లెక్క అన్న వివాదమే ఏళ్ల తరబడి తెగలేదు. గోదావరి గట్టు గారూ, మీ కాకినాడ బియ్యాన్ని కోటోనూలో కొత్త సంచుల్లో పోసినంత మాత్రాన అది ఆఫ్రికా సరుకు కాదు. ఖండ ఒప్పందం ఎంత బాగా అమలైనా ఆ బస్తాకు దాని రాయితీ రాదు.

గోదావరి గట్టు:

ఆ మాట నిజమే, దాన్ని నేను అభ్యంతరంగా తీసుకోవడం లేదు. నైజీరియా వరి రైతు తన పంటను కాపాడుకోవాలనుకోవడం న్యాయం. గేటు మూసే దేశాల్లో మనమూ ఉన్నాం. 2023 జులై 20న భారత ప్రభుత్వం తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. నైజర్‌లో తిరుగుబాటు జరిగింది సరిగ్గా ఆ జులై 26న. ఒకే వారంలో నైజర్ ఇంటికి రెండు వైపుల నుంచి తలుపులు మూతపడ్డాయన్న సంగతి ఈ చర్చ రాస్తూ తేదీలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడుగాని నాకు తట్టలేదు.

సుబేదార్ గారికి ఒక ప్రశ్న. మలాన్‌విల్ దారి మూసుకున్నాక, నైజర్‌కు వెళ్లే సరుకు టోగోలోని లోమే రేవులో దిగి, బుర్కినా ఫాసో గుండా సైనిక రక్షణతో లారీల బారులుగా వెళ్తోందని చదివాను. సాయుధ ముఠాలు తిరిగే ప్రాంతంలో అటువంటి బారులను నడపడం ఎలా ఉంటుంది?

విశ్రాంత సుబేదార్:

బుర్కినాలో నేను పని చేయలేదు. కివూలో బారులు నడిపాను. ముందు ఒక బండి, వెనుక ఒక బండి, మధ్యలో లారీలు. అన్నింటికంటే నెమ్మదిగా వెళ్లే లారీ వేగమే మొత్తం బారు వేగం. ఒక్క టైరు పంచరైతే అందరూ ఆగాలి, ఆగిన చోటే ప్రమాదం. అందుకని బారు బయలుదేరే రోజు ఎవరికీ ముందుగా చెప్పరు. లారీలు రోజుల తరబడి ఎదురుచూస్తాయి. కూలి, డీజిలు, పాడైన సరుకు, ఇవన్నీ చివరికి బస్తా ధరలో కలుస్తాయి. సుంకం సున్నా అయినా సరే. చాద్ సరస్సు చుట్టూ దేశాల ఉమ్మడి సేన ఉంది కదా, నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్, బెనిన్ సైనికులది; 2025 మార్చిలో నైజర్ దాని నుంచి కూడా తప్పుకుంటున్నట్టు ప్రకటించిందని విని బాధపడ్డాను. అవతలి ఒడ్డున ఉన్న సైనికుడి రేడియో మన రేడియోతో మాట్లాడకపోతే, మధ్యలో ఉన్న నీళ్లు ముఠాలవే.

గోదావరి గట్టు:

కృతజ్ఞతలు. ఈరోజు ఆఫీసులో పాత ఫైళ్లు తీసి చూశాను. 2023కు ముందు పత్రాల్లో దిగుమతి రేవు కోటోనూ అని, కింద నైజర్‌కు ట్రాన్సిట్ అని ఉంటుంది. నిన్న నా బల్ల మీదకు వచ్చిన దానిలో రేవు లోమే, గమ్యం నియామే. రెండింటి మీదా బస్తా తూకం ఒకటే, 50 కిలోలు. ఇన్నాళ్లూ రేవు పేరు సరిచూసి సంతకం చేసేవాడిని. ఈసారి పటం తెరిచి లోమే నుంచి ఉత్తరానికి ఆ దారి పొడవునా వేలు పెట్టి చూశాను.